డాంటే అక్కడ లేడండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ఇటలీ యాత్ర వ్యాసం చదివాను. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ ఏడు రోజుల్లో తొమ్మిది ఊళ్లు చుట్టి రావచ్చని, ఫ్లోరెన్స్‌కి ఒక్క పూట చాలని రాశారు చూడండి, దానికితోడు ఆ ఊళ్లోని శాంతా క్రోచే చర్చి ఫొటో కింద ‘మహాకవి డాంటే సమాధి’ అని వేశారు, ఇక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆ ఒక్క పూట యాత్ర మేమూ చేశాం లెండి. నాలుగేళ్ల కిందట ఒక టూర్ బస్సులో వెళ్లాం, కంపెనీ పేరు ఇప్పుడెందుకు. మా గైడ్ ఆ చర్చిలో చిన్న జెండా పైకెత్తి పట్టుకుని సమాధులన్నీ ఇటు మైకెలాంజెలో, అటు గెలీలియో, అదిగో డాంటే అని చేత్తో చూపించేసి, పదిహేను నిమిషాల్లో బస్సు దగ్గర ఉండాలన్నాడు. మేం డాంటేకి దణ్ణం పెట్టుకుని, పక్కన నిలబడి ఫొటో దిగి, పరుగెత్తుకుంటూ వచ్చేశాం. ఆ తర్వాత బొలోన్యాలో చదువుకోడానికి వెళ్లిన మా అమ్మాయి ఫోన్‌లో నవ్వుతూ చెప్పేదాకా మాకు తెలియదు, అది ఖాళీ సమాధి అని. 1829లో ఘనంగా కట్టి పెట్టుకున్నారు కానీ అందులో డాంటే ఏ రోజూ లేడు. ఆయన్ని 1302లో వెళ్లగొట్టింది ఆ ఊరివాళ్లే. ఆయన 1321లో పోయింది రవెన్నా అనే ఇంకో ఊళ్లో, ఇప్పుడున్నదీ అక్కడే.

అందుకని కిందటి అక్టోబరులో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు బస్సులూ జెండాలూ వద్దనుకుని, నేనూ మావారూ రవెన్నా ఒక్కటే పెట్టుకుని మూడు రోజులున్నాం. బొలోన్యా నుంచి ప్యాసింజర్ రైల్లో గంటం పావు. (రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో టికెట్ పెట్టి ముద్ర వేయించుకోవాలట. మేం వేయించలేదు, జరిమానా కట్టాం. తప్పు మాదే.)

డాంటే సమాధి చిన్న తెల్లటి గది, అంతే. లోపల ఒక దీపం వెలుగుతుంటుంది, దానికి నూనె ప్రతి సెప్టెంబరులో ఫ్లోరెన్స్ వాళ్లు పంపాలి. తప్పు చేసిన ఊరు చమురు పోసుకుంటోందన్నమాట! 1519లో పోప్ పదో లియో, ఆయనా ఫ్లోరెన్స్ మనిషే, ఎముకలు తెచ్చుకోండని అనుమతిస్తే వాళ్లు ఆర్భాటంగా వచ్చి తెరిచి చూశారు. లోపల ఏమీ లేదు. పక్క మఠంలోని సన్యాసులు తమ వైపు గోడకి కన్నం పెట్టి అంతకుముందే తీసి దాచేశారు. ఆ పెట్టె మళ్లీ బయటపడింది 1865లో, అదీ ఏవో మరమ్మతులు చేస్తుంటే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి భయపడి మళ్లీ తీసి పక్కనే మట్టిలో పాతిపెట్టారు, ఆ దిబ్బ మీద ఇప్పుడు తీగ అల్లుకుని ఉంది. చచ్చిపోయాక కూడా మనిషిని ఇంతగా తిప్పారు.

దాన్ని ఆనుకునే సాన్ ఫ్రాంచెస్కో చర్చి ఉంది, డాంటే అంత్యక్రియలు జరిగింది అందులోనే. బలిపీఠం కింద మెట్ల దగ్గర చిన్న కిటికీలోంచి చూస్తే అంతా చీకటి. గోడకున్న పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, అప్పుడు తెలుస్తుంది నేలమాళిగ మొత్తం నీళ్లే అని. ఆ నీళ్లలో పాత మొజాయిక్ నేల (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి బొమ్మలుగా చేసేది), దాని మీదుగా ఎర్ర చేపలు తిరుగుతున్నాయి! ఊరు బురదనేల మీద కట్టింది, వందల ఏళ్లుగా కుంగుతోంది, పాత నేలలన్నీ కిందికి పోయి నీరు ఊరుతుంది. లైటు ఆరిపోయింది. మావారు జేబులు తడుముకుని ఇంకో నాణెం వేశారు, ఆ తర్వాత ఇంకోటి. నేను ఆపకపోతే మధ్యాహ్నం భోజనం డబ్బులు కూడా చేపలకే పోయేవి.

అసలు రవెన్నా అంటే మొజాయిక్‌లే. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయింది, తర్వాత గోత్‌లనే జాతివాళ్ల రాజు థియోడోరిక్ ఏలాడు, 540లో తూర్పు రోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ సేనలు పట్టుకున్నాయి. ఒక్కొక్కరూ ఒక్కో చర్చి అలంకరించి పోయారు. బయటినుంచి చూస్తే అన్నీ ఉత్త ఇటుక గోడలు, దారిన పోతూ గోడౌన్ అనుకుంటాం. గాల్లా ప్లాచీడియా అనే రోమన్ మహారాణి పేరున ఉన్న సమాధి మందిరమైతే మరీ చిన్నది, తల వంచుకుని లోపలికి వెళితే మొదట ఏమీ కనపడదు. కిటికీలకి గాజు ఉండదు, పల్చటి రాతి పలకలుంటాయి, వాటిలోంచి తేనెరంగు వెలుతురు పడుతుంది. కళ్లు అలవాటు పడ్డాక నెత్తిమీద ముదురు నీలం, నిండా బంగారు నక్షత్రాలు. అప్పుడే అయిదు నిమిషాలయిందని బయటికి పంపేస్తారు, అదొక్కటే నాకు కోపం వచ్చింది.

సాన్ వితాలే చర్చిలో (547లో ప్రతిష్ఠించారు) ఆ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ ఒక గోడ మీద, ఆయన రాణి థియోడోరా ఎదుటి గోడ మీద, ఇద్దరూ ఈ ఊరికి ఎన్నడూ రాలేదు కానీ పద్నాలుగు వందల ఏళ్లు దాటినా ఇక్కడే నిలబడి ఉన్నారు. బంగారు గాజు ముక్కలు సమంగా అతికించలేదు, ఒక్కోటి ఒక్కో వాలుగా గుచ్చారు, మనం రెండడుగులు జరిగితే వెలుగు కూడా గోడ మీద జరుగుతుంది. ఇది ఫొటోలో రాదు. ఒక మూల కూర్చుని చూడాల్సిందే.

అన్నిటికన్నా నా మనసులో పడిపోయింది మాత్రం సాంత్ అపొల్లినారే నువోవో. అది థియోడోరిక్ కట్టించుకున్న చర్చి. ఆయనది ఏరియస్ మతం, అంటే కుమారుడైన క్రీస్తు తండ్రి అయిన దేవుడికి సమానుడు కాడని నమ్మేవాళ్లు. రాజ్యం మారాక అవతలి శాఖవాళ్లు ఆ గోడ మీదున్న రాజమందిరం బొమ్మలోని మనుషుల్ని ముక్క ముక్కా పీకేసి, ఆ ఖాళీల్లో తెల్లటి తెరలు కట్టినట్టు నింపేశారు. కానీ కొందరి చేతులు పక్కనున్న స్తంభాల మీదికి చాచి ఉన్నాయి, స్తంభం పాడవుతుందనో, లేక పని తొందరలోనో అవి వదిలేశారు. తెల్లటి స్తంభం మీద మోచేతి దాకా ఒక చెయ్యి, మనిషి లేడు. మా అమ్మాయి బైనాక్యులర్ ఇచ్చి పంపింది కాబట్టి వేళ్లు కూడా కనపడ్డాయి. ఒకటి చూశాక ఇంకో స్తంభం మీద ఇంకోటి కనపడింది. మా వెనకే ఒక టూరు గుంపు వచ్చి, వరసగా నడిచే కన్యల బొమ్మలు చూసి, వెళ్లిపోయింది. చేతుల వైపు ఒక్కరూ తల ఎత్తలేదు. మమ్మల్ని మేమే చూసుకున్నట్టు అనిపించింది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు: ముఖ్యమైన అయిదు చోట్లకీ కలిపి ఒకే టికెట్ ఇస్తారు, గాల్లా ప్లాచీడియాకి టైము ముందే రాయించుకోవాలి. భుజాలు కప్పుకునే బట్టలు, చిల్లర నాణేలు, బైనాక్యులర్ మర్చిపోవద్దు. థియోడోరిక్ సమాధి స్టేషన్‌కి అవతల, కాస్త నడవాలి. దాని పైకప్పు పది మీటర్ల వెడల్పున ఒకే ఒక్క రాయి, ఎలా ఎత్తారో మావారు ఇప్పటికీ లెక్కలు వేస్తున్నారు.

సంపాదకులవారూ, వచ్చే ఆదివారం ఆ ఫొటో కింద వాక్యానికి చిన్న సవరణ వేయండి. మా ఆల్బంలో మేం ఇప్పటికే వేసేశాం: ‘డాంటే లేని చోట మేము’ అని.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు