ఫిబ్రవరి వార్తాలేఖ: మన పిల్లలు ఊరిని అడిగిన ప్రశ్నల గురించి

తల్లిదండ్రులకు, పిల్లల్ని బడికి తయారుచేసి పంపే మామ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఈ ఉత్తరం సంక్రాంతి సెలవులు అవ్వగానే రావాలి. పదో తరగతి ప్రీఫైనల్స్ వల్ల ఆలస్యమైందని చెప్పొచ్చు గానీ అది సగం నిజం. పది రోజులుగా మీ ఫోన్లకు జవాబు చెప్పుకోవడంతోనే నాకు పొద్దుపోతోంది. "పిల్లల చేత ఇంటింటికీ రోగాల లెక్క రాయిస్తున్నారట కదా టీచరు గారూ" అని ఒకరు. "ఆ కాగితాలు పై ఆఫీసుకు వెళ్తే పింఛన్లు ఆపేస్తారట" అని ఇంకొకరు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనైతే రాత్రి పదకొండు దాటాక కూడా వాయిస్ మెసేజీలు. ఒకావిడ మాత్రం నేరుగా బడికే వచ్చారు. "ఏటమ్మా, మా ఇంట్లో ఎవులికి కిడ్నీ పోయిందో మీ గుంటలకెందుకు? రేపు మా పిల్లకి సంబంధాలొస్తాయా?" అని అడిగారు. గ్రూపులో వచ్చిన మాటలకు కోపం వచ్చింది. ఆవిడ మాటకు రాలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆడపిల్లను కన్న ఏ తల్లికైనా ఉండే భయమే అది.

అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. జనవరిలో మూడు శనివారాలు, బ్యాగులు లేని రోజుల్లో, 8, 9 తరగతుల పిల్లలు ముగ్గురేసి చొప్పున మన ఊళ్ళో ఇళ్ళకు వెళ్ళారు. ప్రతి జట్టు వెంట ఒక టీచరో ఆశా కార్యకర్తో ఉన్నారు. కాగితం మీద పేరు లేదు, ఇంటి నంబరు లేదు, ఆధార్ లేదు. ఏ వీధి, ఇంట్లో ఎంతమంది, తాగే నీళ్ళు ఎక్కడివి, సరిపడా తాగుతారా, వంట గ్యాసు మీదా కట్టెల మీదా, కిలో ఉప్పు ఎన్నాళ్ళు వస్తుంది, చుట్టా బీడీ గుట్కా ఉన్నాయా, ఒళ్ళు నొప్పులకు బిళ్ళలు ఎక్కడ కొంటారు, బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు. అడిగినవి ఇవే. ఎవరికి ఏ జబ్బు ఉందన్న ప్రశ్న ఒక్కటీ లేదు, కిడ్నీ అన్న మాటే లేదు. ఖాళీ కాగితం ఒకటి నోటీసు బోర్డుకు అంటించాను, వచ్చి చదువుకోండి. పింఛనుకు, రేషను కార్డుకు దీనితో ఏ సంబంధమూ లేదు. నింపిన కాగితాలు నా గదిలో బీరువాలో ఉన్నాయి, తాళం నా దగ్గరే ఉంది.

తప్పు జరగలేదని అనడం లేదు. మందు తాగుతారా అన్న ప్రశ్న పిల్లల చేత అడిగించకూడదు. తండ్రి అరుగు మీద కూర్చుని ఉండగా పక్క వీధి పిల్లాడు ఆ ప్రశ్న పైకి చదివితే ఆ ఇంట్లో వాళ్ళకు ఎలా ఉంటుందో నేను ముందు ఆలోచించలేదు. మొదటి శనివారం సాయంత్రమే దాన్ని కొట్టేశాం. ఆ రోజు ఇబ్బంది పడ్డవాళ్ళకు నా క్షమాపణలు. మీ అనుమతి కోసం పంపిన చీటీ కూడా శుక్రవారం సాయంత్రం గానీ పంపలేకపోయాం. అది నా ఆలస్యమే. కానీ ఆ చీటీల్లో చాలావరకు ఇప్పటికీ బ్యాగుల అడుగున చిక్కీ కాగితాలతో కలిసి ఉన్నాయి. వారానికి ఒక్కసారైనా ఆ బ్యాగు విప్పి చూడండని జూన్ నుంచీ చెబుతూనే ఉన్నాను.

ఇక ఈ పని ఎందుకు పెట్టుకున్నామంటే. ఉద్యానవనంలాంటి నేల గనుక ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస. ఇప్పుడు బయటి ఊళ్ళో మన పేరు చెబితే వాళ్ళకు గుర్తొచ్చేవి అవి కావు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో గుణింతాలు రాని పిల్లలకు కూడా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష) అన్న మాట వచ్చు. ఎన్నో ఏళ్ళుగా డాక్టర్లు వస్తున్నారు, రక్తం తీస్తున్నారు, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్తున్నారు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు లేకుండా పనిచేయడమన్నారు, నొప్పి బిళ్ళలన్నారు. ఇదొక్కటే కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. సంతోషమే. అయితే మన ఊరికి వచ్చి లెక్క రాసుకుపోయిన వాళ్ళల్లో మళ్ళీ వచ్చి "మీ ఊళ్ళో మాకు కనిపించింది ఇదీ" అని చెప్పినవాళ్ళు నాకైతే గుర్తు లేరు. మన లెక్క మనమే రాసుకుంటే ఏమవుతుందో చూద్దామనిపించింది.

మొదటి రోజు పిల్లలు కాగితమే ముట్టుకోలేదు. ప్రార్థన జరిగే చోట ముగ్గుపిండితో ఊరి పటం వేశారు. బోరున్న చోట జీడిగింజ, నీళ్ళ ప్లాంటు ఉన్న చోట కొబ్బరిచిప్ప, గుట్కా వేలాడదీసే కొట్టు దగ్గర ఎర్ర రంగు. ఏ బోరు నీళ్ళు ఉప్పగా మారాయో, ఏ బోరు తుప్పు పట్టి వదిలేశారో మా టీచర్లకు తెలియదు. ఎనిమిదో తరగతి వాళ్ళకు ఒక్కొక్కటీ తెలుసు. అడగకుండానే బెల్టు షాపు కూడా పెట్టేశారు, దానికి రంగు చాలక పసుపు చల్లారు. తరవాత గేటు నుంచి తాడు పట్టి కొలిచారు. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్ళ లోపు వాళ్ళకైతే ఎక్కడా అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. తాడు పూర్తిగా విప్పకముందే కొట్టు వచ్చేసింది. ఆ కొట్టాయన నా మీద చాలా కోపంగా ఉన్నారని తెలిసింది. ఉండనివ్వండి.

ఇప్పుడు కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి. పేర్లు రాయొద్దని పిల్లలే అడిగారు గనుక రాయను, మీకు ఎలాగూ తెలిసిపోతుంది. మేం రాసిచ్చిన ప్రశ్న "రోజూ సరిపడా నీళ్ళు తాగుతారా?" అని. మొదటి పది ఇళ్ళలోనూ "తాగుతాం" అనే జవాబే వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, "మేడం, ఇలా అడిగితే ఎవరైనా తాగుతామనే అంటారు. నిన్న జీడితోటకి ఎన్ని సీసాలు పట్టుకెళ్ళారు, తిరిగొచ్చేసరికి ఎంత మిగిలింది అని అడుగుదాం" అంది. ప్రశ్న మార్చాం, జవాబులన్నీ మారిపోయాయి. ముప్పై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్న నాకు తట్టని సంగతి అది.

ఎనిమిదో తరగతి అబ్బాయి ఉప్పు లెక్క కట్టాడు. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక చిన్న చెంచా. అయిదుగురున్న ఇంట్లో రోజుకు 25 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్ 40 రోజులు రావాలి. ఎన్నాళ్ళు వస్తోందని వాళ్ళమ్మను అడిగితే ఆవిడ చెప్పిన జవాబు ఇక్కడ రాయను, కానీ ఆ ప్యాకెట్ లెక్కలో ఆవకాయ, ఎండుచేపలు లేవు. అవి మళ్ళీ వేరు. మా లెక్కల మాస్టారు ఆ లెక్క బోర్డు మీద వేసి వారం రోజులు తుడవనివ్వలేదు.

మరో అమ్మాయి అడ్డపొగ సంగతి రాబట్టింది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మన తీరం పల్లెల్లో ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ వేడికి అంగిలి మీద తెల్లమచ్చలు పడతాయి, కొందరికి అదే క్యాన్సర్‌గా మారుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే 10,169 మంది నోళ్ళు పరీక్షించి రాసిన అధ్యయనం 1971లో అచ్చయింది. ఇప్పుడు ఆ అలవాటు పోయిందని నేననుకున్నాను. "చుట్ట తాగుతావా?" అంటే ఏ మామ్మా ఒప్పుకోలేదు. ఈ పిల్ల మాత్రం పక్కన కూర్చుని, "మామ్మా, గాలికి ఆరిపోకుండా ఎలా కాలుస్తారు?" అని అడిగిందట. ఆ మామ్మ నవ్వి, కొంగులోంచి చుట్ట తీసి చూపించేసింది. మర్నాడే ఆశా కార్యకర్త ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళి నోరు చూపించింది. ఇంతకన్నా చెప్పకూడదు.

30 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆశా కార్యకర్త నింపే కాగితం వేరు. వయసు, పొగాకు, మందు, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా, నడుము కొలత. వీటికి మార్కులుంటాయి, 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపుతారు. నడుము ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడినట్టే. టేపు చూడగానే కొందరు నాన్నలు పెరటి గుమ్మంలోంచి తోటకు వెళ్ళిపోయారట. మీ పిల్లలు నవ్వుతూ చెప్పారు, నేను రాసుకోలేదు.

ఇప్పుడు నాకు కడుపు మండే విషయం. మన బడిలో రోజుకు మూడుసార్లు నీళ్ళ గంట కొడతాం. మగపిల్లలు కుళాయి దగ్గర తోసుకుంటారు. ఆడపిల్లలు సీసా మూత తీసి, పెదాలు తడుపుకుని, మూత పెట్టేస్తారు. ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు. బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని. పొద్దున ఎనిమిదింటికి ఇంటి దగ్గర బయలుదేరిన పిల్ల సాయంత్రం దాకా మూత్రం బిగబట్టుకుని కూర్చుంటుంది, నెలసరి రోజుల్లోనైతే బడికే రాదు. ఏ ఊళ్ళోనైనా అది తప్పే. ఇంటికో మనిషికి కిడ్నీ భయం ఉన్న ఈ నేల మీద ఆడపిల్ల దాహం చంపుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. ఆడపిల్లల మరుగుదొడ్లు ఇప్పుడు రోజుకు రెండుసార్లు కడిగిస్తున్నాం, తలుపులకు గొళ్ళాలు పెట్టించాం, ప్రతి సోమవారం నేనే వెళ్ళి చూస్తున్నాను. నా వంతు నేను చేస్తాను. కానీ పొలంలో అమ్మ కూడా అదే చేస్తోంది కదా! పొద్దుటి నుంచి సందె దాకా గుక్కెడు నీళ్ళతో గడిపి, నడుం నొప్పికి కొట్లో రెండు బిళ్ళలు కొనుక్కుని మింగుతోంది. డాక్టరు రాయకుండా నొప్పి బిళ్ళలు రోజుల తరబడి వాడితే కిడ్నీ దెబ్బతినొచ్చన్నది మాత్రం తేలిన విషయమే, దానికి పరిశోధన కేంద్రం అక్కర్లేదు. కూతురు మా పాఠం వింటుంది గానీ అమ్మ సీసా చూసి నేర్చుకుంటుంది.

రక్తం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. వారానికొకసారి మేమిచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళ జేబులో వేసుకొచ్చి దారిలో పారేస్తున్న పిల్లలున్నారు. "వికారం వస్తోందట, మింగొద్దన్నాను" అని ఒక అమ్మ చెప్పారు. ఖాళీ కడుపున మింగితే వికారం రాక ఏమవుతుందమ్మా? భోజనం తరవాత మింగిస్తున్నాం, దయచేసి మింగనివ్వండి.

ఖాళీ కడుపంటే గుర్తొచ్చింది. మీరంతా పనుల మీద తెల్లారకముందే బయలుదేరతారని నాకు తెలుసు, మీ కష్టం తక్కువ చేయడం లేదు. కానీ చేతిలో పది రూపాయలు పెట్టి పంపితే పిల్లాడు ఇడ్లీ కొనుక్కోడు, కారం చిప్స్ పొట్లం కొనుక్కుంటాడు. రాత్రి అన్నంలో గంజి పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుని వచ్చిన పిల్లలు మూడో పీరియడ్ దాకా హుషారుగా ఉంటున్నారు. పొట్లం పిల్లలు ప్రార్థనలోనే కళ్ళు తిరిగి కూర్చుంటున్నారు. బడిలో ఇచ్చే చోడి (రాగి) జావ తాగొద్దని, నల్లగా అయిపోతారని పిల్లలకు చెప్పిన పెద్దలెవరో కూడా నాకు తెలుసు. వారిపై గౌరవంతో ఇక్కడ ఆపేస్తున్నాను.

మిగతావి గబగబా. 10వ తేదీన నులిపురుగుల బిళ్ళ ఇస్తాం, ఆ రోజు రానివాళ్ళకు 17న. ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ కానివాళ్ళు ఈ నెలలోపు చేయించండి. పదో తరగతి వాళ్ళ హాల్ టికెట్లలో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. సైకిళ్ళకు తాళం వేయించండి.

ఈ నెల చివరి శనివారం సాయంత్రం నాలుగింటికి అందరూ బడికి రండి. సర్వేలో వచ్చిన అంకెలు ఈ ఉత్తరంలో రాయకపోవడానికి కారణం అదే. అవి చెప్పినవాళ్ళు మీరు, ముందుగా వినాల్సిందీ మీరే. పిల్లలు ముగ్గు పటం మళ్ళీ వేసి, వీధులవారీగా చెబుతారు, ఏ ఇంటి గురించీ కాదు. అందులో ఏది తప్పనిపించినా అక్కడే చెప్పండి, దిద్దుకుంటారు. ఏఎన్‌ఎం గారు బీపీ మిషను తెస్తున్నారు. నోరు చూపించుకోవాలనుకునే మామ్మలకు నా గది ఖాళీ చేసి ఇస్తాను, తలుపు వేసే ఉంటుంది. నాన్నలు కూడా రండి, టేపు దాచేస్తాం. వంటింట్లో ఇప్పుడున్న ఉప్పు ప్యాకెట్ ఏ రోజు విప్పారో గుర్తు చేసుకుని రండి, లెక్కలవాడు గుమ్మంలోనే అడుగుతాడు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: సర్వే రోజున ఎవరి ఇంట్లోనో పిల్లలకు మజ్జిగ పోసిన స్టీలు గ్లాసులు మూడు బడికి వచ్చేశాయి. ఆఫీసు గదిలో ఉన్నాయి, తీసుకెళ్ళండి.