ధవళేశ్వరం పాత రాతికట్టుకు సిమెంటు పూయొద్దు

సంపాదకులు గారికి,

2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాల పనులంటే ఊరంతా రంగులు, సిమెంటు. కొత్త ఘాట్ల సంగతి ఎలా ఉన్నా, ధవళేశ్వరంలో ఇంజినీరు ఆర్థర్ కాటన్ కట్టించిన పాత ఆనకట్ట కాలం నాటి రాతిగోడలు, కాలువ లాకులు, కాలువగట్ల కట్టుబడి మీద కూడా అదే చెయ్యి పడితే మరమ్మతు పేరిట వాటిని పాడుచేసినట్టే.

ఆ కట్టుబడి సున్నంతో చేసింది. రాతిలోకి ఎక్కిన తడి సున్నపు అతుకుల గుండా ఆరిపోతుంది. అతుకుల్లో సిమెంటు దట్టిస్తే తడికి ఆ దారి మూసుకుపోయి, రాయిలోంచే బయటికి వస్తుంది. వెంట వచ్చిన ఉప్పు రాతి ముఖం కింద పేరుకుని, పొరలు పొరలుగా ఊడగొడుతుంది. చివరికి సిమెంటు గీతలు నిలుస్తాయి, రాయి పోతుంది.

చేయాల్సింది వేరు. వదులైన పాత సున్నాన్ని ఉలితో అంగుళం లోతు దాకా చెక్కాలి. మిషను పెడితే రాతి అంచులు తెగుతాయి. అతుకు కడిగి, తడి ఆరకముందే డంగు సున్నం దట్టించాలి. కనీసం వారం రోజులు నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక, ఇటుకపొడి కలిపి రెండు పాళ్లు వేసి గానుగలో ఆడించాలి. పని అయ్యాక పది రోజులైనా తడి గోనెలు కప్పాలి. ఈ చివరి పనే ఎక్కువగా ఎగ్గొడతారు. ఎండకు గబగబా ఆరిన సున్నం పిండిలా రాలిపోతుంది. గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని పైకి నరికితే మళ్లీ చిగురిస్తాయి, గుంజితే రాయి కదులుతుంది. వేరు చచ్చాకే తీసి ఆ సందు పూడ్చాలి. శిలాఫలకాలను యాసిడ్‌తో కడగడం, అక్షరాల మీద ఎనామిల్ పూయడం అసలే వద్దు.

ఊరి చరిత్ర చెప్పే బోర్డులు కూడా సరిగ్గా రాయించాలి. 1833 నాటి కరవు, 1839 నాటి కోరంగి తుపాను దెబ్బ తిన్న జిల్లాకు కాటన్ ఇసుక పడక మీద ఆనకట్ట తలపెట్టి 1847లో పని మొదలుపెట్టారు. 1852కల్లా పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద నాలుగు భాగాలు కలిపి దాదాపు 12,000 అడుగులు. ఇప్పుడు బస్సులు తిరిగే 175 గేట్ల బ్యారేజీ అది కాదు. 1970లో మొదలై 1982లో పూర్తయిన ఆ బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు, అంతే. రెండింటినీ కలిపేసి చెప్పడం పర్యాటకులకు మామూలైపోయింది. ధవళేశ్వరం పాయలో 70 గేట్లున్నాయని, తూర్పు డెల్టాకు నీళ్లు ఇక్కడి నుంచే వెళతాయని, కూలీల్ని కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా బోర్డు మీద ఉంటే, ఇక్కడి కాటన్ మ్యూజియం ముందు ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు లాకుల దాకా నడుస్తారు.

టెండరులో ‘పాత కట్టడాల మరమ్మతు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే కాంట్రాక్టరు సిమెంటు బస్తాలే దింపుతాడు. అతన్ని అనీ లాభం లేదు. డంగు సున్నం, చేతి ఉలి, తడి గోనెలు అని విడివిడిగా రాసి, విడిగా రేటు కట్టాలి. పుష్కరాలు వేసవి దాటగానే వస్తాయి. సున్నం పనికి అనువైనది అంతకుముందు శీతాకాలమే కాబట్టి, ఆ టెండర్లు దసరాలోపే ఖరారు చేయాలని జలవనరుల శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ధవళేశ్వరం