శనివారం గేటు తెరుస్తారా? కేంద్ర పర్యాటక శాఖ మంత్రి కిషన్ రెడ్డి గారికి బహిరంగ లేఖ (జనవరి 2022)

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

విశాఖపట్నంలో రెండు టూరిస్టు కార్లు తిప్పుకుని బతికేవాణ్ణి. మీరు తెలుగువారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. తర్జుమాలో నా కోపం చల్లారిపోతుందన్న భయం లేదు. ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడూ అందినట్టు రసీదులు దాచుకున్నాను. రసీదులు చాలు అనిపించి ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

2022 వచ్చేసింది. ఈ ఏడాదిలోగా దేశంలో కనీసం 15 ప్రదేశాలు చూడమని 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని పిలుపునిచ్చారు. ఆ తర్వాత మీ శాఖ నుంచి వచ్చిన 'దేఖో అప్నా దేశ్' (మన దేశం చూడండి) ప్రచారం గురించి మీకు నేను చెప్పాలా? లాక్‌డౌన్‌లో ఆ వెబినార్లు కొన్ని నేనూ చూశాను. కోటలు, కొండలు బాగున్నాయి. తీరిగ్గా చూశాను కూడా, రెండు కార్లూ ఇంటి ముందే ఉన్నాయి కదా.

ఈ కరోనా కాలంలో జనం సెలవులకు ఎక్కడికి వెళ్ళాలో ఎలా తేల్చుకుంటున్నారో చెప్పడానికి మీ దగ్గర నిపుణులు ఉంటారు. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అరకు ట్రిప్పు కోసం ఫోన్ చేసి, చివరికి రానివారు ఎందుకు రాలేదో అందులో రాసుకుంటున్నాను. జబ్బు భయంతో మానుకున్నవారు నేను అనుకున్నంత మంది లేరు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. డ్రైవరు టీకా వేయించుకున్నాడా? కారులో మేం తప్ప ఇంకెవరైనా ఉంటారా? గదికి బాత్రూము విడిగా ఉందా? ఇంట్లో ముసలివాళ్ళుంటే మొదటి ప్రశ్నే ఆసుపత్రి ఎంత దూరమని. వీటన్నిటికీ నా దగ్గర జవాబుంది. లేనిది ఒక్కదానికే: "బొర్రా గుహలు తెరిచి ఉన్నాయా? మేం వచ్చే శనివారం కూడా తెరిచే ఉంటాయా?"

రెండో దశ తగ్గాక వానల్లో హైదరాబాద్ నుంచి ఒకాయన ఈ ప్రశ్నే అడిగారు. ఇంటిల్లిపాదీ ఆరుగురు, రెండు రోజుల ట్రిప్పు. ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. "ఉత్తర్వులు రాలేదండీ" అన్నారు. తెరవమనా, మూయమనా అని అడిగితే, "ఏవీ రాలేదు" అన్నారు. ఇంకో నంబరిచ్చారు. అక్కడివారు ఇది మా పరిధి కాదన్నారు. మూడో నంబరు మోగుతూనే ఉంది. చివరికి నేనే కారు తీసుకుని, డీజిల్ పోయించుకుని, సుమారు 90 కిలోమీటర్లు ఘాట్ రోడ్డెక్కి వెళ్ళి గేటు ఫొటో తీసి ఆయనకు పంపాను. "చాలా థాంక్సండీ, ఇవాళ్టి సంగతి తెలిసింది. మరి శనివారం?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు.

వాళ్ళు అనంతగిరికి వెళ్ళారు. మా అరకు దారిలో ఉన్న అనంతగిరి అనుకునేరు, అది కాదు. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి. సొంత కారు, ఇంటినుంచి కట్టుకెళ్ళిన పులిహోర, మూసేసి ఉంటే వెనక్కి తిరిగి రాత్రికల్లా ఇంట్లో పడుకోవచ్చు. గదికి కట్టిన అడ్వాన్సు పోతుందన్న బెంగ లేదు. మా పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల కోసం జనం తెల్లవారకముందే ఎందుకు ఎగబడుతున్నారని అడుగుతారు. మేఘాలు అందంగా ఉంటాయి, నిజమే. కానీ కొండకు తాళం వేయలేరన్న ధీమా కూడా అందులో ఉందని నా నోటుపుస్తకం చెబుతోంది.

ఇది రాష్ట్రం పని అంటారేమో. రెండో అర్జీ గురించి వాకబు చేసినప్పుడు ఎవరో అదే అన్నారు. అయ్యా, ఎర్రకోట మీద నుంచి పిలిచినప్పుడు ఇది ఎవరి పనో చెప్పలేదు. పిలిచినప్పుడు దేశమంతా ఒకటి, గేటు దగ్గర మాత్రం ఎవరి తాళం వారిదా?

2021 జూన్‌లో గుర్తింపు ఉన్న గైడ్లకు లక్ష, ట్రావెల్ సంస్థలకు 10 లక్షల దాకా హామీ అప్పు ప్రకటించారు. సంతోషం. నన్ను గుర్తుపట్టేది మాత్రం కారు ఫైనాన్సువాళ్ళే, అదీ నెలనెలా అయిదో తారీకున.

నేను అడుగుతున్నది అప్పు కాదు. ఏది తెరిచి ఉందో, ఎప్పటిదాకా ఉంటుందో మనిషి పలికి చెప్పే ఒక్క ఫోన్ నంబరు. మూయాల్సి వస్తే మూయండి, ఎవరు వద్దన్నారు? కాస్త ముందుగా చెప్పండి. మూసినప్పుడు గది అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని ఒక మాట రాయించండి. మొదటి అర్జీలో ఇదే రాశాను. రెండోదాంట్లో ఇదే. మూడోదాంట్లో దస్తూరి కొంచెం బాగుంటుందని మా అమ్మాయిచేత రాయించాను. ఇప్పుడు ఒమిక్రాన్ అంటున్నారు, మళ్ళీ అవే ఫోన్లు మొదలయ్యాయి.

మీరు విశాఖ వస్తే అరకు దాకా నేనే తీసుకెళ్తాను. కారు నాది, దారిలో బొంగు చికెన్ ఖర్చూ నాదే. బొర్రా గేటు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో మాత్రం దయచేసి మీరే కనుక్కుని బయలుదేరండి.

ఇట్లు,
తమ విధేయుడు,
విశాఖపట్నం టూరిస్టు కారు యజమాని
జనవరి 2022