మా పొలాన్ని పొలంగానే ఉంచుకునే దారి చూపండి

గౌరవనీయులైన రెవెన్యూ మంత్రి గారికి,

నమస్కారం. మాది రంగారెడ్డి జిల్లాలో, చెరువు కింద నాలుగెకరాల వరి పొలం. పక్క చేలో ఇప్పుడు తెల్లరంగు వేసిన ప్లాట్ల రాళ్లు. వెంచర్ రోడ్డు కోసం పంట కాలువ పూడ్చేశారు. మొన్నటి వానకి నీళ్లు పోయే దారి లేక మా నారుమడి మూడు రోజులు మునిగింది. వెంచర్ వాళ్లని అడిగితే, "నువ్వూ అమ్మెయ్యరాదు పెద్దాయనా, మస్తు రేటొస్తది" అన్నారు.

2006లో సాగుభూమి మార్పిడి చట్టం వచ్చింది, దాన్నే నాలా చట్టం అంటారు. ఫీజు కట్టి సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చుకోవచ్చు. మార్చనని రాసిచ్చే దారి మాత్రం లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం అందుకు 1988లోనే చట్టం చేసింది. అక్కడ రైతు అమ్మేది భూమిని కాదు, అందులో వెంచర్ వేసే హక్కును. ప్రభుత్వం డబ్బిస్తుంది, సాగు సాగుతూనే ఉంటుంది. రేపు ఎవరు కొన్నా, కొడుకులు పంచుకున్నా, వెంచర్ వేయకూడదన్న షరతు భూమి వెంటే పోతుంది.

ఇక్కడి రేట్లకు అంత డబ్బెక్కడిది అంటారేమో. నిజమే. కన్వర్షన్ ఫీజులో కొంత దీనికి తీయండి. ముందు ఒక్క మండలంలో, చెరువు ఆయకట్టుతో మొదలుపెట్టండి. పాస్‌బుక్ జిరాక్స్ తీసి పెట్టుకున్నాను, మొదటి దరఖాస్తు నాదే.

ఇట్లు,
ఒక రైతు