పేరు చివరి తోకలు

సంపాదకులకు,

సామాజిక మాధ్యమాల్లో మారుపేర్లతో ఖాతాలు నడిపేవారి ప్రస్తావన వస్తే చాలు, మోసగాడినీ మొహమాటస్తుడినీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. వేరొకరిగా నటించి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి కనుక వారి సంగతి పోలీసులు చూసుకుంటారు. నేను రాయదలచింది సొంత పేరునే తిరగరాసుకుంటున్నవారి గురించి.

గుంటూరులో 30 ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేశాను. హాజరుపట్టీలో ఇంటిపేరు, ఒట్టి పేరు మాత్రమే ఉన్న నా పూర్వ విద్యార్థులు ఫేస్‌బుక్‌లో చౌదరి, రెడ్డి, నాయుడు, శర్మ అంటూ తోకలు తగిలించుకుని పలకరిస్తుంటే మొదట పోల్చుకోలేకపోయాను. వారిలో ఒకరి తాతగారు ఆ ముక్కను పనిగట్టుకుని తీసేసుకున్న మనిషి. గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య గారికి పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి అని ఈ ప్రాంతంలో పాతవారందరికీ తెలుసు. కాగితాల్లో పేరు మారాలంటే గెజిట్ దాకా వెళ్లాలి. ఫేస్‌బుక్‌లో అరనిమిషం చాలు. అంత సులువుగా కొత్త మనిషి కాగలిగిన చోట మా పిల్లలు వెతికి తెచ్చుకున్నది తాతలు పారేసిన వస్తువును.

దీనికి గర్వం ఒక్కటే కారణమని నేను అనుకోను. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటున్నవాడిని ‘ఫలానావారి అబ్బాయి’ అని గుర్తుపట్టేవారు ఉండరు కనుక, ఊళ్లో వీధి, ఇంటిపేరు, తండ్రి చేసే పని కలిసి చెప్పే సంగతిని అక్కడ ఆ తోక ఒక్కటే చెప్పేస్తోంది. అభిమాన హీరో పేరును చేర్చుకోవడమూ కొంతవరకు ఈ కోవలోదే. అర్థమవుతుంది గానీ ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ వరుసలో తోక లేని పిల్లవాడు తానేమీ చెప్పకపోయినా బయటపడిపోతాడు.

అదే తరగతిలో చదివిన ఒక అమ్మాయి, అత్తవారింట్లో మాట వస్తుందన్న భయంతో, ఫొటో బదులు మందారపువ్వు పెట్టుకుని సగం పేరుతో కవితలు రాస్తుంది. ఆమెను ‘ఫేక్ ఐడీ’ అని వెక్కిరించినవాడు ఇంటిపేరు, కులం పేరు రెండూ రాసుకున్న పెద్దమనిషి. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి గారు ఆరుద్ర అనే నక్షత్రం పేరుతో జీవితమంతా రాశారు. ఆయనను నకిలీ అన్నవారిని నేను ఎరుగను. ఖాతాలన్నిటికీ ఆధార్ తప్పనిసరి చేయాలనేవారు ఈ అమ్మాయి సంగతి కూడా ఆలోచించాలని మనవి.

సంక్రాంతికి ఇంటికొచ్చిన శిష్యుణ్ణి, పేరు చివర అది ఎప్పుడు చేరిందిరా అని అడిగాను. “అక్కడ అందరూ పెట్టుకున్నారు మాస్టారూ,” అన్నాడు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు