ఇంటీరియర్ ట్యాంకుల ఆర్డర్లు: ఇకమీదట పైకప్పు అతికించం

మా బరంపురం వర్క్‌షాప్‌లో యుద్ధ ట్యాంకుల ప్లాస్టిక్ మోడళ్ళు చేయించుకున్నవారికి, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవారికి నమస్కారం. లోపలి భాగాలతో సహా చేసే మోడళ్ళు ఆలస్యమవుతున్నాయి. పని పద్ధతి మార్చడమే అందుకు కారణం. ఎందుకు మార్చామో, మీకు చేతికొచ్చేది ఎలా ఉంటుందో ఇక్కడ రాస్తున్నాం.

ముందు మా తప్పు. ఇదివరకు పంపిన 1/35 స్కేలు (అసలు బండిలో 35వ వంతు) ట్యాంకుల్లో కొన్నింటికి లోపలి తెలుపు పసుపెక్కింది. అక్కడ ఎనామెల్ తెలుపు వాడాం. నూనె ఆధారంగా తయారయ్యే తెలుపు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది, హ్యాచ్‌లు (లోపలికి దిగే చిన్న తలుపులు) మూసిన ట్యాంకు లోపల ఎప్పుడూ చీకటే. పైకప్పు అతికించేశాం కాబట్టి విప్పి మళ్ళీ రంగు వేద్దామంటే ప్లాస్టిక్ పగులుతుంది. అలాంటిది మీ దగ్గరుంటే పంపండి. హ్యాచ్‌లోంచి ఎయిర్‌బ్రష్ అందే మేరకు అక్రిలిక్ తెలుపు వేసి ఇస్తాం, కూలి తీసుకోం. మూలమూలనా తెల్లబడుతుందని మాత్రం మాటివ్వలేం.

అందుకే ఇప్పుడు పైకప్పును అయస్కాంతాలతో నిలబెడుతున్నాం. 3 ఎంఎం వ్యాసం, 1 ఎంఎం మందం ఉన్న నియోడిమియం బిళ్ళలు నాలుగు, హల్ (ట్యాంకు కింది పెట్టె) మూలల్లో. ఎదురుగా పైకప్పు వైపు మరో అయస్కాంతం పెట్టం, చిన్న ఇనుప రేకు ముక్క పెడతాం. రెండువైపులా అయస్కాంతాలైతే ఒక్కటి తిరగబడినా మూత ఎగిరిపడుతుంది, అప్పటికి గమ్ ఆరిపోయి ఉంటుంది. బిళ్ళలను అరాల్డైట్‌తోనే అతికిస్తాం. సూపర్ గ్లూ గట్టిదే, కానీ పెళుసు. కొరియర్‌లో ఒక్క దెబ్బ తగిలితే బిళ్ళ ఊడి లోపల గిలక్కాయలా మోగుతుంది.

మూత తీసేదైతే లోపల ఏ లోపమూ దాగదు. అసలు పని పెరిగింది ఇక్కడే. మామూలు కిట్‌లో (ముక్కలుగా వచ్చే మోడల్ పెట్టెలో) అచ్చులోంచి ముక్కను తోసే పిన్నుల గుండ్రటి గుంట మచ్చలు లోపలి వైపు ఉంటాయి, ఎవరికీ కనబడవు. ఇంటీరియర్ కిట్‌లో రెండు వైపులూ కనబడేవే, మచ్చ ఎటో ఒకవైపు పడక తప్పదు. రివెట్ల మధ్య పడితే పుట్టీ పెట్టి రుద్దుతూ రివెట్లనూ రుద్దేస్తాం. అలాంటి చోట పలుచటి ప్లాస్టిక్ షీట్‌లోంచి మచ్చంత బిళ్ళ పంచ్ చేసి అందులో కూర్చోబెడతాం, రుద్దే పని దాదాపు ఉండదు.

ఇక రంగు. ముదురు ప్లాస్టిక్ మీద నేరుగా తెలుపు కొడితే నాలుగైదు పూతలు పడతాయి, ఈలోగా బోల్టుల అంచులన్నీ పూడిపోతాయి. బూడిద రంగు ప్రైమర్, దాని మీద రెండు పలుచటి పూతలు చాలు. మేం కలిపేది టామియా కంపెనీ ఎక్స్‌ఎఫ్-2 తెలుపు పది పాళ్ళు, ఎక్స్‌ఎఫ్-57 బఫ్ (లేత మట్టి రంగు) ఒక పాలు, సమానంగా ఎక్స్-20ఏ థిన్నరు, ప్రెజరు 15 పీఎస్‌ఐ. బఫ్ లేకుండా ఉత్త తెలుపు వేస్తే ట్యాంకు ఫ్రిజ్ లోపలిలా కనిపిస్తుంది. లోపల ఎల్‌ఈడీ కావాలన్నవారి మోడల్‌కు ప్రైమర్ తర్వాత ఒక నల్ల పూత అదనం. అది లేకపోతే వెలుతురు ప్లాస్టిక్‌లోంచే బయటికి వచ్చి ట్యాంకు లాంతరులా మెరుస్తుంది. 5 వోల్టుల యూఎస్‌బీతో నడిపే ఒక తెల్ల ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తున్నాం.

పూతల మందం ఇంకో తలనొప్పి. రంగు వేయకముందు చక్కగా కూర్చున్న గోడ, రంగు తర్వాత కూర్చోదు. ఒక్కో పూత వెంట్రుక కంటే పలుచనే అయినా నేల, గోడ, ర్యాకు, ఇంజిను ముందు అడ్డుగోడ కలిసేసరికి పైకప్పు ఒకవైపు లేచి ఉంటుంది. అతికే అంచులన్నిటికీ ముందే టేపు వేస్తాం. అయినా ప్రతి ముక్క బిగించాక మూత పెట్టి చూడాల్సిందే. సోవియట్ ట్యాంకు టీ-55లో ముఖ్యంగా చూసేది టరెట్ (గన్ ఉండే పై గుమ్మటం) తిరుగుతోందా లేదా అని. డ్రైవరు సీటు వీపు కాస్త వెనక్కి వాలినా పైన గన్ బ్రీచ్ (గుండు దూర్చే వెనక భాగం) సామగ్రి దానికి తగులుతుంది.

టీ-55 గురించి ఆర్డరిచ్చేవారు ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకు కావలసింది ఏ కాలపు బండి? కిట్‌లో వచ్చేది 100 ఎంఎం డి-10 గన్, 1971 పాకిస్తాన్ యుద్ధంలో జమ్మూలోని ఛంబ్ దగ్గర మన టీ-55లు పోరాడింది దానితోనే. తర్వాత మన సైన్యం వాటికి 105 ఎంఎం గన్ బిగించింది. అలాంటి బండి కావాలంటే గొట్టం మార్చి సరిపెట్టలేం. బ్రీచ్ మారుతుంది, గుండ్లూ మారతాయి. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే మాజీ సైనికులకు ఈ తేడా చెప్పనక్కర్లేదు, మోడల్ చూడగానే వాళ్ళే మాకు చెబుతారు.

గుండ్ల విషయంలో మీ డబ్బు మిగిల్చే మాట చెబుతాం. టీ-55లో 43 గుండ్లు పడతాయి. డ్రైవరు కుడిపక్కన ఇంధన ట్యాంకులోనే గూళ్ళు చేసిన ర్యాకులో 18 ఉంటాయి. అవి మొన ముందుకు పెట్టి దూర్చినవి, మనకు కనిపించేది ఇత్తడి తొడుగుల అడుగు భాగం మాత్రమే. 695 ఎంఎం తొడుగు మన స్కేల్లో దాదాపు 20 ఎంఎం. ఆ 18 పూర్తిగా చేసి, రంగు వేసి, రాతలు అంటించి ర్యాకులో దాచేయడం దండగ. అడుగు భాగాలకే ఇత్తడి రంగు, మధ్యలో మందు అంటించే ప్రైమర్ (రంగు ప్రైమర్ కాదు) గుర్తుగా ఒక చుక్క వేస్తాం. గోడలకు బయటికి కనిపించేలా ఉన్నవే పూర్తిగా చేస్తాం.

తీగలు కిట్‌లో చాలావరకు రావు. అసలు బండిలో 10 ఎంఎం కేబుల్ మనకు 0.3 ఎంఎం అవుతుంది. పాత మోటారు చుట్టలోంచి తీసిన రాగి తీగ సరిగ్గా పనికొస్తుంది, పొయ్యి మీద ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. పెరిస్కోపు అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడం. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది, తుడిచినా పోదు. అక్కడ ఫెవికాల్ చాలు.

మురికి వేయడంలో మేం పిసినారులం. బూట్లు పడే నేల, హ్యాచ్ అంచులు, సీటు మూలలు, అంతే. గోడలన్నీ తుప్పు పట్టించమని అడుగుతున్నారు, నడుస్తున్న బండి లోపల అలా ఉండదు. ఆయిల్ వాష్‌కు (పలుచగా కలిపిన నూనె రంగు పూతకు) ముందు మెరిసే గ్లాస్ వార్నిష్ తప్పనిసరి. వాష్‌లో కలిపే వైట్ స్పిరిట్, రంగు పడని ప్లాస్టిక్ అతుకుల్లోకి దిగితే బరువు మోసే సస్పెన్షన్ చేతులు వారం తర్వాత పుటుక్కున విరుగుతాయి.

వానాకాలం సంగతి. మన తీరంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా లాకర్ (త్వరగా ఆరే ద్రావకం కలిపిన) రంగు స్ప్రే చేస్తే ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీదే దిగుతుంది, పాలిపోయినట్టు మసక వస్తుంది. గదిలో తేమ 80 శాతం దాటిన రోజు స్ప్రే చేయం. ఆ రోజుల్లో కోత, అతుకు, తీగల పనే. అక్టోబరులో తుపాను హెచ్చరిక వస్తే కొరియర్ ఆపేస్తాం. 2013లో ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, అక్టోబరు 12న. ఆ నెలలో పెళ్ళికో పుట్టినరోజుకో బహుమతి అనుకుంటే ఆగస్టు మొదట్లోనే చెప్పండి, అదీ హ్యాచ్‌లు మూసిన మామూలు మోడల్ మాత్రమే.

లోపలి పనితో ట్యాంకుకు ఎనిమిది నుంచి పది వారాలు, మామూలు ట్యాంకుకు మూడు. కిట్ ధర మా చేతిలో లేదు. స్కేల్ మోడళ్ళు కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందికే వస్తాయి. వాటి మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. మీ దగ్గర కిట్ ఉంటే తెచ్చివ్వండి, కూలి ఒక్కటే తీసుకుంటాం. తెచ్చేముందు ప్యాకెట్లు విప్పకండి. ముక్క తక్కువైతే పెట్టెలోనే లేదా, ఇంట్లో పోయిందా అన్న తగువు రాకుండా ఇద్దరం కలిసే విప్పుదాం.

షిల్కాకు (నాలుగు గొట్టాల విమాన విధ్వంసక బండికి) లోపలి పని ప్రస్తుతం ఒప్పుకోం. అన్నీ చేత్తో చెక్కాలి, అంతకు సరిపడా ఫొటోలు మా దగ్గర లేవు. బయట మాత్రం చేస్తాం, నాలుగు గొట్టాలకూ రంధ్రం పెట్టి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్ళు అయస్కాంతాల మూత కావాలో, పాత పద్ధతిలో అతికించాలో ఫోన్ చేసి చెప్పండి. మూతకు అదనంగా ఏమీ తీసుకోం. అతికించమంటే హ్యాచ్‌లోంచి కనిపించేంతవరకే లోపల చేసి, మిగతా కూలి తగ్గిస్తాం.