నంద్యాల రోడ్డు దుకాణం గురించి

కర్నూలు

చిరంజీవి పాపకు,

నాన్న ఆశీస్సులు. ఉద్యోగం మానేసి మన కిరాణా దుకాణం చూసుకుంటానని నువ్వు రాసినందుకు మీ అమ్మా నేనూ ఎంత పొంగిపోయామో! కానీ నంద్యాల రోడ్డులో దుకాణం లీజుకు తీసుకోవడం నాకు సమ్మతం కాదు. ఫోనులో చెప్తే వాదనలోకి దిగుతామని కాగితం మీద పెడుతున్నాను.

ఊరు పెరిగిందన్న నీ మాట నిజమే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీని ముంచాక, మన వీధిలోని కొన్ని కుటుంబాలు ఎత్తు చూసుకుని కొత్త కాలనీలకు వెళ్లిపోయాయి. తర్వాత పిల్లలు సంపాదించి ఇళ్లు కట్టుకున్నవాళ్లూ అటే వెళ్లారు. వాళ్లున్న చోటికే దుకాణం తీసుకెళ్దామని నీ ఆలోచన. అయితే రోడ్డు పక్క గదికి అంత అద్దె ఎందుకు? దారిన పోయేవాళ్లు చూసి ఆగుతారని. ఇంట్లో నూనె అయిపోతే ఇప్పుడు ఎవరూ దారి వెంట దుకాణం వెతకడం లేదు, ఫోను తీస్తున్నారు. ఫోనులో వచ్చే ఆర్డరుకు సరుకు ఏ సందులోంచి బయలుదేరితేనేం? మన పాత దుకాణం సొంతం, వెనక గోడౌను సొంతం. ఒక ఆటో, నమ్మకమైన కుర్రవాడు ఉంటే కాలనీలన్నీ తిరిగి రావచ్చు. అద్దెకు పోసే డబ్బు సరుకు మీద పెడదాం.

ఇక ఆన్‌లైన్‌లో సరుకు అమ్మిపెట్టే వేదికల్లో మనమూ చేరాలన్న సంగతి. జీఎస్టీలో చిన్న వ్యాపారులకున్న కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకం మీద కొద్ది శాతమే పన్ను కట్టే మనలాంటి దుకాణాలు కూడా 2023 అక్టోబరు నుంచి రాష్ట్రంలోపల వాటి మీద అమ్ముకోవచ్చు కాబట్టి చట్టం అడ్డు రాదు. లెక్క అడ్డు వస్తుంది. సబ్బులు, బిస్కెట్ల మీద మనకు మిగిలేదే అంతంతమాత్రం. ఊరూరా శాఖలున్న పెద్ద దుకాణాలు కంపెనీ దగ్గర నేరుగా కొని, డిస్ట్రిబ్యూటరు మనకిచ్చే ధర కంటే తక్కువకు అమ్మిన రోజులు చూశాను. ఆ మిగులులోంచే వేదికకు కమిషన్ కూడా ఇస్తే చేతికి ఏమొస్తుంది? మన బతుకంతా విడిగా తూచి ఇచ్చే సోనా బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి, చింతపండు మీద ఉంది. అవి కొనే మనిషి పేరు, ఇల్లు, రుచి మనకు తెలుసు. వేదిక ద్వారా అమ్మితే కొన్నవాళ్ల ఫోను నంబరు కూడా సాధారణంగా మనకు రాదు. ఇన్నేళ్ల పరిచయాన్ని మన చేతులతో మనమే ఇంకొకరికి అప్పగించినట్టవుతుంది. ఇది మాత్రం చేయొద్దమ్మా.

ఫోను వద్దనడం లేదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు చిల్లర లేక పడిన అవస్థ నాకు తెలుసు. అదే ఏడాది యూపీఐ వచ్చింది. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ సొమ్ముకు దుకాణదారు ఛార్జీ కట్టే పని లేదు. సాయంత్రం గల్లాపెట్టె లెక్క తేలిగ్గా తేలిపోతోంది. రేపు అప్పుకు వెళ్తే బ్యాంకు చూసేది కూడా ఖాతాలో కనబడే ఈ జమలనే. క్యూఆర్ కోడ్ కాగితం పక్కన మన వాట్సాప్ నంబరు కూడా అతికించాలన్నావు, రేపే అతికిస్తాను.

నీకు తెలియాల్సిన అసలు సంగతి అప్పు ఖాతా. వరదలో మన పద్దు పుస్తకాలన్నీ బురద ముద్దలయ్యాయి. ఎవరు ఎంత ఇవ్వాలో రుజువు లేదు. తమ ఇళ్లూ మునిగినవాళ్లే నీళ్లు తీశాక ఒక్కొక్కరుగా వచ్చి, "సేటూ, నా బాకీ ఇంత" అని చెప్పి రాయించారు. రానివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను అడగలేదు. ఆ తర్వాత మళ్లీ సరుకు నింపగలిగానంటే అలా వచ్చిన సొమ్ముతోనే. అందుకే పద్దులు ఫోనులోకి ఎక్కించాలన్న నీ మాట నాకు బాగా నచ్చింది, నీళ్లొచ్చినా పోవు. కానీ పద్దులు రాసే ఆ యాప్ బాకీదారులకు తనంతట తానే గుర్తుచేసే సందేశాలు పంపుతుందట. దాన్ని ఆపేయ్. జీతం రాగానే కట్టే మాస్టారికి, పంట అమ్మాక కట్టే రైతుకు నెల మధ్యలో అలాంటి సందేశం వెళ్తే మన గడప తొక్కరు. ఎవరిని ఎప్పుడు అడగాలో నేను చెప్తాను, నువ్వే ఫోను చేసి మర్యాదగా అడుగు.

హోటళ్లకు సరుకు వేసే విషయం తర్వాత చూద్దాం. వాళ్లలో కొందరు పన్ను విడిగా చూపే బిల్లు అడుగుతారు, కాంపోజిషన్‌లో ఉండి మనం అది ఇవ్వలేము. ఆడిటరును అడగాలి.

లీజుకు అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే గది యజమానిని కాస్త గడువు అడుగు. నువ్వు వచ్చాక కాలనీలకు మారిన పాత ఖాతాదారుల పేర్లు, వీధులు రాసుకుందాం. వాళ్లలో చాలామంది గృహప్రవేశాలకు మీ అమ్మ వెళ్లింది, ఇళ్లు ఆమెకే బాగా తెలుసు. ముందుగా ఫోను చేయాల్సింది ఎవరికో ఆమే చెప్తుంది.

నాన్న